కుకీలు అమ్మాల్సింది పాప, నాన్న ఆఫీసు కాదు

జనవరి వచ్చిందంటే అమెరికాలోని మన వాట్సాప్ గ్రూపుల్లో సంక్రాంతి ముగ్గుల ఫోటోల మధ్య ఒక లింకు తిరగడం మొదలవుతుంది. గర్ల్ స్కౌట్స్ అనే అమ్మాయిల స్కౌట్ సంస్థలో పిల్లలు తమ జట్టు ఖర్చుల కోసం ఏటా కుకీలు అమ్ముతారు, దాని లింకు. "మా పాప గర్ల్ స్కౌట్ కుకీలు అమ్ముతోంది, అందరూ సపోర్ట్ చేయండి ప్లీజ్." రాసింది అమ్మ. నలుగురికీ పంపింది అమ్మ. ఎవరెవరు కొన్నారో చూసుకునేదీ అమ్మే. మిగతా ఆర్డర్లు నాన్న ఆఫీసు బ్రేక్‌రూములో కాఫీ మెషీను పక్కన పెట్టిన ఆర్డర్ కార్డు మీద నిండిపోతాయి. సీజను ముగిసేసరికి పాప పేరు మీద 300 బాక్సులు పడతాయి, పెద్ద బొమ్మ ఒకటి బహుమతిగా వస్తుంది. ఆ పాప మాత్రం ఒక్క మనిషి ముందు కూడా నోరు తెరిచి "కొంటారా?" అని అడిగి ఉండదు.

అలా వచ్చిన 300 కన్నా, పాప తనే అడిగి, తనే చిల్లర లెక్కపెట్టి, తనే చేతికిచ్చిన 30 బాక్సులు ఎక్కువని నా వాదన. కబుర్లతో సరిపెట్టకుండా, ఆ 30 ఎలా అమ్మించాలో కూడా చెబుతాను. మన పని తగ్గేదేం లేదు, వేరే చోటికి మారుతుందంతే.

మనవాళ్ళు ఇలా ఎందుకు చేస్తారో ఊహించడం కష్టం కాదు. మన బళ్ళలో నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ స్టిక్కర్లనో, డిసెంబరు 7న సాయుధ దళాల జెండాలనో పిల్లల చేతికిచ్చి డబ్బు తెమ్మనేవారు. ఇంటికొస్తే నాన్న జేబులోంచి తీసి ఇచ్చేసేవాడు, జెండా చొక్కాకి గుచ్చుకునేవాళ్ళం, కథ అక్కడితో సరి. స్కూలు పంపిన అమ్మకమంటే తల్లిదండ్రులు కట్టే ఇంకో ఫీజు అని మనకి అప్పుడే స్థిరపడిపోయింది. దీనికి తోడు నామోషీ ఒకటి. ఆడపిల్లని వీధిలో నిలబెట్టి "కొనండి" అనిపించడమేంటని అమ్మమ్మ ఊరినుంచి ఫోన్లో అంటుంది. దాంతో అడగడమనే ఇబ్బంది పిల్లకి తగలకుండా మనమే మీదేసుకుంటాం. ఈ కార్యక్రమంలో పిల్ల నేర్చుకోవలసింది సరిగ్గా ఆ ఇబ్బందినే.

మొదట్నుంచీ ఇది పిల్లల చేతి పనే. జూలియెట్ గోర్డన్ లో అనే ఆవిడ 1912లో జార్జియా రాష్ట్రంలోని సవానాలో గర్ల్ స్కౌట్స్‌ని మొదలుపెట్టింది. 1917లో ఓక్లహోమాలోని మస్కోగీ ఊళ్ళో మిసిల్‌టో ట్రూపు, అంటే స్కౌట్ జట్టు, అమ్మాయిలు ఇంట్లో కుకీలు కాల్చి హైస్కూలు కెఫెటేరియాలో అమ్మారు. 1922 జూలైలో సంస్థ పత్రికలో షికాగోకి చెందిన ఫ్లోరెన్స్ నీల్ ఒక తయారీ విధానం అచ్చువేయించింది. ఆరేడు డజన్ల కుకీలకి సరుకుల ఖర్చు 26 నుంచి 36 సెంట్లు, డజను 25-30 సెంట్లకి అమ్మొచ్చు అని అందులోనే లెక్క చెప్పింది. అంటే ఒకటిన్నర డజను అమ్మితే పెట్టుబడి తిరిగొచ్చేది, మిగిలిందంతా ట్రూపుకే. 1934లో ఫిలడెల్ఫియాలో బేకరీ చేత చేయించిన కుకీలు వచ్చాయి, 1936 నుంచి దేశమంతటా బేకరీలకి లైసెన్సులు ఇవ్వడం మొదలైంది. కాల్చే పని పిల్లల చేతిలోంచి అప్పుడే పోయింది. అమ్మే పని ఇంకా మిగిలి ఉంది. దాన్ని కూడా మనం లాక్కుంటే ఇక పిల్లకి దక్కేది యూనిఫాం వెస్టు మీద కుట్టుకునే బ్యాడ్జీయే.

ఇప్పుడు కుకీలు చేసేవి రెండు బేకరీలు: ఏబీసీ, లిటిల్ బ్రౌనీ. మీ ప్రాంతపు కౌన్సిల్, అంటే అక్కడి ట్రూపుల్ని నడిపే గర్ల్ స్కౌట్స్ శాఖ, ఈ రెండింట్లో ఒకదాన్ని ఎంచుకుంటుంది. అందుకే ఒక ఊళ్ళో 'సమోవాస్' అనే కుకీని ఇంకో ఊళ్ళో 'కారమెల్ డిలైట్స్' అంటారు, 'టాగలాంగ్స్' ఇంకోచోట 'పీనట్ బటర్ ప్యాటీస్' అవుతుంది. ఇది పేర్ల గొడవే అనుకోకండి, కింద శాకాహారం సంగతి దగ్గర ఈ తేడా పనికొస్తుంది.

సీజనుకి ముందు చేయవలసిన మొదటి పని, పాపని కూర్చోబెట్టి లెక్క వేయించడం. బాక్సు ధర కౌన్సిల్‌ని బట్టి మారుతుంది, 5 నుంచి 7 డాలర్ల మధ్య ఉంటుంది. ఇక్కడ 6 అనుకుందాం. అందులో బేకరీకి కొంత, కౌన్సిల్ నడపడానికి కొంత, పిల్లల బహుమతులకి కొంత పోతే ట్రూపుకి మిగిలేది చాలాచోట్ల డాలరుకి అటూ ఇటూ. 90 సెంట్లు అనుకోండి. ట్రూపులో పదిమంది అమ్మాయిలున్నారు, వసంతంలో క్యాంపుకి వెళ్ళడానికి 900 డాలర్లు కావాలి. అంటే 1,000 బాక్సులు, తలా 100. ఇప్పుడు పాప చేత ఒక జాబితా రాయించండి: వీధిలో ఎన్ని ఇళ్ళున్నాయి, డాన్సు క్లాసులో ఎంతమంది ఆంటీలు ఎదురుచూస్తూ కూర్చుంటారు, దుకాణాల బయట అమ్మకపు బల్లలు వేసే ఎన్ని బూత్‌లకి వెళ్ళగలదు. ఒక్కొక్కరు సగటున రెండు బాక్సులు కొంటే ఎంతమందిని అడగాలి, అందులో సగం మంది వద్దంటే ఎంతమందిని అడగాలి? 100 బాక్సులకి 50 మంది కొనాలి, 50 మంది కొనాలంటే 100 మందిని అడగాలి. ఈ రెండో అంకె పాప నోటి నుంచే రావాలి. 'వద్దు' అనేది అవమానం కాదని, లెక్కలో ముందే వేసుకున్న పద్దేనని అప్పుడు అర్థమవుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లకి ఇది ఉపన్యాసంతో ఎక్కదు, కాగితం మీద ఎక్కుతుంది.

ఆ లక్ష్యం ఎవరు పెట్టారన్నది కూడా ముఖ్యమే. "పక్కింటి అమ్మాయి 500 అమ్మింది, నువ్వూ..." అని మొదలుపెట్టారా, అది ర్యాంకుల పరుగైపోతుంది. ట్రూపు డబ్బు ఏ పిల్లకీ సొంతం కాదు. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ కాబట్టి, ఎక్కువ అమ్మిన పిల్ల ఖాతాలో ఎక్కువ జమచేయడం కుదరదు కూడా. అందరూ అమ్మింది ఒక్కచోట చేరుతుంది, ఎలా ఖర్చుపెట్టాలో అమ్మాయిలే మాట్లాడుకుని తేల్చాలి. తల్లుల గ్రూపులో ఓటింగు పెట్టి తేల్చేసే ట్రూపులున్నాయి. అది తప్పు.

ఇక ఆర్డరు. సీజను మొదట్లో ట్రూపు ఒకేసారి పెద్ద ఆర్డరు పెడుతుంది. తర్వాత కావలసినవి కౌన్సిల్ గోదాము నుంచి తెచ్చుకోవచ్చు, దాన్ని కుకీ కబర్డ్ అంటారు. తల్లిదండ్రులు డబ్బు బాధ్యత తీసుకుంటున్నట్టు ఒక కాగితం మీద సంతకం పెడతారు. దాన్ని చదివి మరీ పెట్టండి: మీరు సంతకం చేసి తీసుకున్న బాక్సులు చాలా కౌన్సిళ్ళలో వెనక్కి తీసుకోరు, అమ్ముడుపోకపోతే వాటి డబ్బు మీరే కట్టాలి. మొదటి ఏడాది ఉత్సాహంతో 20 కేసులు తెచ్చుకుని ఏప్రిల్ దాకా డైనింగ్ రూములో గోడలా పేర్చుకునేవాళ్ళు ప్రతి ట్రూపులోనూ ఒకరుంటారు. కేసుకి 12 బాక్సులు. ముందు ఆర్డర్ కార్డు మీద నిజంగా రాసుకున్నవి, పైన ఒకటి రెండు కేసులు, అంతే తీసుకోండి. అయిపోతే కబర్డ్ ఉండనే ఉంది. అన్నిట్లో థిన్ మింట్స్ అనే పుదీనా-చాక్లెట్ రకం ఎక్కువ పోతుంది, కారమెల్-కొబ్బరిది దాని వెనకే వస్తుంది. పాపకి ఇష్టమైన రకం అందరికీ ఇష్టమనుకుని ఎక్కువ తెచ్చుకోవడం తరచూ జరిగే పొరపాటు.

సరుకు దించుకునేటప్పుడు రకం వారీగా లెక్కపెట్టాకే సంతకం. ఒకసారి మీరు, ఒకసారి పాప. రెండు లెక్కలూ కలవకపోతే మూడోసారి. కార్లో వేసుకుని ఇంటికొచ్చాక ఒక కేసు తక్కువైతే అడగడానికి ఎవరూ ఉండరు. ట్రూపులో ఇంకో అమ్మాయికి నాలుగు బాక్సులు ఇచ్చినా రసీదు రాసుకోండి, ట్రూపు కుకీ మేనేజరుకి చెప్పండి. కంప్యూటరులో అవి ఇంకా మీ పాప పేరు మీదే ఉంటాయి మరి.

నిల్వ సంగతి మన ఇళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. అట్టపెట్టెలు వాసన పీల్చుకుంటాయి. ఇంగువ, సాంబారు పొడి ఉన్న ప్యాంట్రీలోనూ, అగరొత్తులు వెలిగించే గదిలోనూ, కలరా ఉండలు వేసిన అల్మారాలోనూ పెట్టకండి. గ్యారేజీలో నేల మీద పెడితే ఎలుకలు వస్తాయి, తేమ తగులుతుంది. టెక్సస్‌లో అయితే ఫిబ్రవరి ఎండకి కూడా కారు డిక్కీలో చాక్లెట్ మెత్తబడుతుంది. ఒకసారి కరిగి గట్టిపడితే పైన తెల్లటి పొర కనిపిస్తుంది. తింటే ఏమీ కాదు, కానీ డబ్బిచ్చి కొన్నవాళ్ళకి చూడ్డానికి పాతదానిలా ఉంటుంది. హీటరు గాలి నేరుగా తగలని గదిలో, బల్ల మీద పెట్టండి.

ఇప్పుడు అసలు విషయం, అడగడం. దీన్ని ఇంట్లో సాధన చేయించాలి, పద్యం అప్పజెప్పించినట్టు మాత్రం కాదు. పాప చెప్పవలసినవి మూడు సంగతులు: పేరు, ట్రూపు డబ్బుతో ఏం చేయబోతోంది, ఒక ప్రశ్న. ఇంటిపేరు, చిరునామా, స్కూలు పేరు చెప్పకూడదు. "కుకీలు కొంటారా?" అని అడిగితే "వద్దు" అనడం ఎవరికైనా తేలిక. "మీకు ఏ కుకీ ఇష్టం?" అంటే మనిషి ఒక క్షణం ఆగి ఆలోచిస్తాడు, ఆగినవాళ్ళలో చాలామంది కొంటారు. సాధనకి ఇంట్లో వాళ్ళని కొనేవాళ్ళుగా నిలబెట్టండి. అందరూ కొనేస్తే లాభం లేదు. ఎవరో ఒకరు వద్దనాలి. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మ ఈ పాత్రకి బాగా పనికొస్తుంది:

"నాకు షుగరమ్మా, తినకూడదన్నారు."

"పర్లేదు అమ్మమ్మా, థాంక్యూ. కావాలంటే నువ్వు కొని సైనికులకి పంపించొచ్చు."

ఈ రెండో వాక్యం గాలిలోంచి పుట్టింది కాదు. దాదాపు ప్రతి కౌన్సిల్‌కీ విరాళం పద్ధతి ఒకటి ఉంటుంది: కొన్నవాళ్ళు డబ్బిచ్చి బాక్సు వదిలేస్తే, అది సైనికులకో ఫుడ్ బ్యాంకుకో చేరుతుంది. కొని ఇంటికి తీసుకెళ్ళిన బాక్సు మీద పన్ను మినహాయింపు ఉండదు, ఇలా వదిలేసిన దానికి ఉంటుంది. షుగరున్నవాళ్ళు, డైటింగులో ఉన్నవాళ్ళు, ఇప్పటికే నాలుగు కొన్నవాళ్ళు, అందరికీ ఇదే జవాబు. అయినా వద్దంటే "థాంక్యూ, హ్యావ్ ఎ నైస్ డే" అని వదిలేయాలి. రెండోసారి బతిమాలడం వద్దు.

ఇంటింటికీ వెళ్ళేటప్పుడు అయిదో తరగతి దాకా ఉన్న పిల్లల వెంట పెద్దవాళ్ళు తప్పకుండా ఉండాలి. పెద్ద పిల్లలైనా ఒంటరిగా వెళ్ళకూడదు. ఎవరూ ఇళ్ళలోపలికి వెళ్ళకూడదు. మీరు నిలబడవలసింది తలుపు దగ్గర కాదు, కాలిబాట మీద, పాపకి మీరూ మీకు పాపా కనిపించేంత దూరంలో. మీరు పక్కనే ఉంటే ఇంటావిడ మీతోనే మాట్లాడుతుంది, మర్యాద కొద్దీ. పాప మళ్ళీ ప్రేక్షకురాలైపోతుంది. శీతాకాలంలో అయిదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి శని, ఆదివారాల పగటి పూట మంచిది. అమ్మకాలు వద్దని బోర్డు పెట్టిన ఇంటి గంట నొక్కకండి. ఇంట్లో ఎవరూ లేకపోతే చీటీ తలుపుకి తగిలించండి, మెయిల్‌బాక్సులో వేయకండి. స్టాంపు లేని కాగితాలు అందులో వేయడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. ఈ సంగతి చాలామందికి తెలియదు.

బూత్ మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పాప నిజంగా నేర్చుకునేది ఇక్కడే. దుకాణం బయట బల్ల వేసుకునే చోటూ వేళా కౌన్సిల్ ద్వారా కేటాయిస్తారు. మీ ఇండియన్ గ్రోసరీ యజమాని మీకు తెలిసినా, ముందు ట్రూపు లీడరుకి చెప్పి, కౌన్సిల్ అనుమతి వచ్చాకే బల్ల వేయాలి. తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో, గుడి ప్రాంగణంలో పెట్టాలన్నా అంతే. కనీసం ఇద్దరు పెద్దవాళ్ళుండాలి. పిల్లలు లేకుండా పెద్దవాళ్ళు ఒక్క పది నిమిషాలు కూడా బల్ల నడపకూడదు. అందరికీ బాత్రూం వచ్చిందంటే బల్ల కాసేపు మూసేయడమే. తలుపుకి అడ్డంగా నిలబడకూడదు. లోపలికి వెళ్ళేవాళ్ళకన్నా బయటికి వచ్చేవాళ్ళ వైపు తిరిగి ఉండటం మేలు. లోపలికి వెళ్ళేవాళ్ళు "వచ్చేటప్పుడు చూస్తాం" అంటారు, అందులో కొందరు నిజంగానే వస్తారు.

రెండు గంటల బూత్‌కి అయిదు కేసులు, అంటే 60 బాక్సులతో మొదలుపెట్టొచ్చు: రెండు కేసులు థిన్ మింట్స్, కారమెల్-కొబ్బరిది ఒకటి, పీనట్ బటర్-చాక్లెట్‌ది ఒకటి, అయిదోది మిగతా రకాలు కలిపి. కారులో ఇంకో రెండు కేసులు థిన్ మింట్స్ ఉంచుకోండి. కిండర్‌గార్టెన్, ఒకటో తరగతి పిల్లలు, డేజీలు అంటారు వాళ్ళని, గంట దాటితే అలిసిపోతారు. ఒకరు పలకరించడం, ఒకరు బాక్సులివ్వడం, ఒకరు కాగితం మీద గీతలు పెట్టడం అని పంచి, అరగంటకోసారి మార్చండి. సిగ్గుపడే పిల్లని మొదట గీతల దగ్గర పెట్టండి. పక్కనున్న అమ్మాయి పదిమందిని పలకరించడం చూశాక, పదకొండో మనిషిని తనే పలకరిస్తుంది. పలకరించకపోతే ఆ రోజుకి వదిలేయండి.

చిల్లర ముందే సిద్ధం చేసుకోవాలి. 6 డాలర్ల బాక్సు విచిత్రమైన సరుకు. పది నోటిచ్చి ఒకటి కొంటే తిరిగివ్వవలసింది 4. ఇరవై ఇచ్చి ఒకటి కొంటే 14, రెండు కొంటే 8, మూడు కొంటే 2. వీటిలో ఏది చూసినా ఒక డాలరు నోట్లు కావాలి. అందుకే మొదట అయిపోయేవి అవే. 30 ఒక డాలరు నోట్లు, 4 అయిదు డాలర్ల నోట్లు, మొత్తం 50తో మొదలుపెట్టండి. పది నోట్లు కొనేవాళ్ళే తెచ్చిస్తారు. వంద నోటు తీసుకోవద్దు. పాపకి ఆరో ఎక్కం అయిదు దాకా వస్తే చాలు: 6, 12, 18, 24, 30. చిల్లర మాత్రం తీసివేతతో కాకుండా పైకి లెక్కపెడుతూ ఇవ్వడం నేర్పండి. "పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను, ఇదిగో అయిదు, ఇరవై." పాప తప్పు లెక్కపెడుతుంటే కొనేవాళ్ళు ఓపిగ్గానే ఉంటారు. ఓపిక పోయేది వెనక నిలబడ్డ నాన్నకే. ఆ ఒక్క నిమిషం చేతులు కట్టుకుని నిలబడటం నాన్నలకి బూత్‌లో అన్నిటికన్నా కష్టమైన పని.

బల్ల ఎత్తేశాక లెక్క తేల్చేదీ పాపే. 60తో మొదలై 17 మిగిలాయంటే 43 అమ్ముడయ్యాయి, 43 ఆర్లు 258. కార్డు ద్వారా 96 వచ్చిందని యాప్ చెబుతోంది. అంటే నగదు 162 ఉండాలి, మన 50 కలిపి పెట్టెలో 212. తేడా వస్తే ఎక్కడ వెతకాలో ఒక కిటుకుంది: తేడాని ఆరుతో భాగించండి. శేషం లేకుండా పోతే పొరపాటు బాక్సుల దగ్గర జరిగి ఉంటుంది. డబ్బు ఎక్కువైతే ఎవరో విరాళంగా కొని వదిలేసింది రాసుకోలేదు. తక్కువైతే ఒక బాక్సుకి డబ్బు తీసుకోలేదు, లేదా ఆకలేసి ఎవరో విప్పేశారు. శేషం వస్తే చిల్లర దగ్గర పొరపాటు. ఈ ఒక్క లెక్క పాప తనంతట తను చేయగలిగితే నాకు చాలు, ఆ రోజు ఎన్ని అమ్మిందన్నది అడగను. ఇక నగదు మీ ఇంట్లో, మీ పర్సులో కలిసిపోకూడదు. విడిగా కవరులో పెట్టి, వారానికోసారైనా ట్రూపు ఖాతాకి చేర్చండి. ఫోన్లో డబ్బు పంపుకునే సొంత జెల్ ఖాతాకి డబ్బు వేయించుకుని "తర్వాత కడతాలే" అనుకోవడం, అన్నీ సక్రమంగా కట్టినా సరే, ట్రూపులో అనుమానాలకి తావిస్తుంది.

ఇండియన్ గ్రోసరీ ముందు బూత్ పెడితే పాపకి తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న: "ఇందులో గుడ్డు ఉందా అమ్మా?" ఊహించి చెప్పకూడదు. బాక్సు పక్కన పదార్థాలు చదివి చెప్పాలి. వీగన్ అని రాసి ఉన్నవాటిలో గుడ్డూ ఉండదు, పాలూ ఉండవు. థిన్ మింట్స్ రెండు బేకరీలవీ వీగనే. ఏబీసీ వాళ్ళ పీనట్ బటర్ ప్యాటీస్, లెమనేడ్స్ వీగన్. లిటిల్ బ్రౌనీ వాళ్ళ టాగలాంగ్స్ చూడ్డానికి ఆ ప్యాటీస్ లాంటివే అయినా వాటిలో పాలపదార్థాలుంటాయి. డాలస్‌లో ఉన్న పిన్ని చెప్పిన మాట పట్టుకుని మీ ఊళ్ళో చెప్పారంటే తప్పు చెప్పినట్టే, అక్కడి బేకరీ వేరు కావచ్చు. వేరుశెనగ అలర్జీ ఉన్నవాళ్ళ దగ్గర ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

పదార్థాల జాబితా చదివితే పామాయిల్ కూడా కనిపిస్తుంది. 2007లో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో ఇద్దరు పదకొండేళ్ళ స్కౌట్ అమ్మాయిలు ఒరాంగుటాన్‌ల మీద ప్రాజెక్టు చేస్తూ, ఆ జంతువుల అడవులు పామాయిల్ తోటల కోసం పోతున్నాయనీ, తాము అమ్మే కుకీల్లోనే ఆ నూనె ఉందనీ తెలుసుకున్నారు. ఆ కుకీలు అమ్మడం మానేసి, సంస్థనే ప్రశ్నిస్తూ ఏళ్ళ తరబడి ప్రచారం చేశారు. 2011లో సంస్థ పామాయిల్ విషయంలో ఒక విధానం ప్రకటించవలసి వచ్చింది. ఆ విధానం సరిపోదని విమర్శలు తర్వాతా వచ్చాయి. ఈ కార్యక్రమం నేర్పుతామని చెప్పుకునే అయిదు విషయాల్లో వ్యాపార నీతి ఒకటి. దాన్ని ఈ ఇద్దరూ చూపించినట్టు ఇంకెవరూ చూపించలేదనుకుంటాను. మనకి దీంతో ఇంకో చుట్టరికం ఉంది. ఏలూరు, పశ్చిమ గోదావరి, ఖమ్మం వైపు పామాయిల్ తోటలున్న బంధువులు మనలో చాలామందికి ఉంటారు. అక్కడ ఎక్కువగా పంట భూముల్లో వేశారు, ఇండోనేషియాలో అడవులు కొట్టి వేశారు. పాపని తాతయ్యకి వీడియో కాల్ చేసి గెలలు ఎలా కోస్తారో, ఎకరానికి ఎన్ని నీళ్ళు కావాలో అడగమనండి. బూత్‌లో ఎవరైనా పామాయిల్ గురించి నిలదీస్తే, ఆ పిల్ల దగ్గర చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఆఫీసు సంగతికి వద్దాం. ఆర్డర్ కార్డు ఆఫీసుకి తీసుకెళ్ళడం నేరమనను. కానీ ఒక షరతు: కార్డుతో పాటు పాప చేతిరాతతో ఒక ఉత్తరం వెళ్ళాలి, ట్రూపు ఏం చేయబోతోందో, లక్ష్యం ఎంతో. బాక్సులు ఇచ్చేటప్పుడు పాప రాసిన థాంక్యూ చీటీ ఒక్కోదానికీ అంటించి ఉండాలి. 40 చీటీలు రాయాల్సివస్తే పాపే అంటుంది, ఆఫీసులో ఇంకెవరినీ అడగొద్దు నాన్నా అని. మీ కింద పనిచేసేవాళ్ళకి మాత్రం కార్డు చూపించకండి. మేనేజరు కూతురి కుకీలు వద్దనే ధైర్యం ఎవరికుంటుంది?

వాట్సాప్ లింకూ అంతే. డిజిటల్ కుకీ అనే ఆన్‌లైన్ పద్ధతి 2014 నుంచి ఉంది. 13 ఏళ్ళ లోపు పిల్లల పేజీని తల్లిదండ్రులు నడుపుతారు, అందులో తప్పు లేదు. కానీ పేజీలో పెట్టే నాలుగు వాక్యాలు పాప చెప్పినవే ఉండాలి, తప్పులతో సహా. మీరు పాలిష్ చేసిన ఇంగ్లీషు అందరికీ దొరికిపోతుంది. పేజీలో ఇంటిపేరు కనిపించనివ్వకండి. మార్కెట్‌ప్లేస్ లాంటి అమ్మకాల సైట్లలో లింకు పెట్టకండి. లింకు పంపేటప్పుడు పెద్ద గ్రూపులో పడేయడం కాకుండా పాప గొంతుతో ఇరవై సెకన్ల వాయిస్ మెసేజ్ ఒక్కొక్కరికీ విడిగా పంపండి. "పద్మ ఆంటీ, నేను ఈసారి..." అని పేరు పెట్టి పిలిస్తే వచ్చే స్పందనకీ, గ్రూపులో లింకుకి వచ్చే దండాల బొమ్మలకీ పోలికే లేదు. దూరపు ఊళ్ళవాళ్ళకి షిప్పింగు భారమే, కొద్ది బాక్సులకి బాగా ఎక్కువనిపిస్తుంది. ఆ సంగతి ముందే చెప్పి, విరాళం దారి కూడా చూపించండి. ఇంటికి తెచ్చి ఇమ్మని ఆన్‌లైన్‌లో ఎవరైనా ఆర్డరు పెడితే మీరు గడువు లోపల ఆమోదించాలి, లేకపోతే అది రద్దవుతుంది లేదా విరాళంగా మారుతుంది. ఈమెయిల్ చూడని నాన్నల వల్ల ఏటా కొందరు ఆంటీలు కుకీల కోసం ఎదురుచూస్తూనే ఉంటారు.

బహుమతుల మెట్లు చూసి, ఇంకో 40 అమ్మితే బొమ్మ వస్తుందని తెలిసి, ఆ 40 మీరే కొనేయాలనిపిస్తుంది. 240 డాలర్లు పెట్టి పది డాలర్ల బొమ్మ. కొనకండి. పాప ఆ మెట్టు అందుకోలేదు, అంతే. కాస్త పెద్ద తరగతుల ట్రూపుల్లో బహుమతులు వద్దనుకుని, బదులుగా బాక్సుకి కొన్ని సెంట్లు ఎక్కువ తీసుకునే వీలు చాలా కౌన్సిళ్ళలో ఉంది. అమ్మాయిలు తమంతట తాము ఆ లెక్క వేసుకుని ఒప్పుకుంటే ఆ ట్రూపు బాగా నడుస్తున్నట్టే.

దీనికి ఎదురు వాదన ఒకటి బలమైనదే ఉంది. ఆరు డాలర్లలో ట్రూపుకి దక్కేది డాలరే అయితే, ఈ తిరుగుడంతా మానేసి తలా 90 డాలర్ల చెక్కు రాసిచ్చేస్తే పోలేదా? డబ్బే ముఖ్యమైతే నిజంగా పోతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, శనివారం కూచిపూడి, ఆదివారం గణితం క్లాసులకి పిల్లల్ని తిప్పుతున్న ఇంట్లో అదే సరైన నిర్ణయం కావచ్చు. అలా చెక్కిచ్చే తల్లిదండ్రుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదు మధ్యలో ఉన్నవాళ్ళ మీద: తిరుగుడంతా తాము తిరిగి, నేర్చుకున్నదంతా తాము నేర్చుకుని, అమ్మింది పాప అని చెప్పేవాళ్ళు. ముప్పై అయిదేళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకి చిల్లర లెక్క వచ్చు. అతనికి ఈ కార్యక్రమం అవసరం లేదు.

సీజను చివర, సాధారణంగా మార్చిలోనో ఏప్రిల్లోనో, గడువుకి వారం ముందే మిగిలిన బాక్సులు లెక్కపెట్టండి. ముందు ట్రూపులో ఇంకెవరికైనా తక్కువ పడ్డాయేమో అడగండి, తర్వాత ఇంకో బూత్ దొరుకుతుందేమో చూడండి. గడువు రోజు పొద్దున చేసే ఫోన్లకి ఎవరూ దొరకరు. లెక్క ముగించి రసీదులన్నీ ఒక కవరులో పెట్టాక, పాప చేత ఒక కాగితం రాయించండి: ఎవరు ఏ రకం ఎన్ని కొన్నారు, ఎవరు వచ్చే ఏడాది రమ్మన్నారు, ఏ ఇంటి కుక్క మొరుగుతుంది. దాన్ని వెస్టు ఉన్న సంచీలోనే పెట్టండి.